నోటి పూతకి స్టెరాయిడ్ పేస్టు: పుండు మీద నిలవడం లేదు, ఎలా రాయాలి?

వెన్నెల77
కింది పెదవి లోపల ఒకటి, నాలుక కింద ఒకటి పుండ్లు లేచాయి. ఏడాదిలో చాలాసార్లు వచ్చి పోయేవే. ఈసారి డాక్టరు ట్రైయామ్సినలోన్ 0.1 శాతం పేస్టు రాసిచ్చి రోజుకి మూడుసార్లు రాయమన్నారు. ఎలా రాయాలో చెప్పలేదు. వేలితో తీసి పుండు మీద రాస్తుంటే ఇసక ఇసకగా అయిపోయి రాలిపోతోంది. ఉమ్ములో కలిసి గొంతులోకి జారిపోతోంది. పైగా ఇది స్టెరాయిడ్ కదా, రోజూ ఇంతింత మింగితే ఏమవుతుందోనని ఇంకో దిగులు. వాడినవాళ్ళు కాస్త చెప్పండి. నోరు విప్పి మాట్లాడాలంటేనే ప్రాణం పోతోంది.

గాలివాన
రుద్దకండి. అద్దండి. రుద్దితే ఎవరికైనా అలాగే రాలిపోతుంది.

మాలతి_ఎన్
గాలివాన గారు ఒక్క ముక్కలో చెప్పేశారు. నేను కాస్త వివరంగా చెప్తాను, నాకు కాలేజీ రోజుల నుంచీ ఈ బాధ ఉంది.

ఆ పేస్టులో మందుతో పాటు జెలటిన్, పెక్టిన్, సోడియం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే పొడులుంటాయి. వాటిని నూనెలాంటి జిడ్డు పదార్థంలో కలిపి పెడతారు. తడి తగలగానే ఆ పొడులు ఉబ్బి జిగురుగా మారి పుండుని పట్టుకుంటాయి. పట్టుకునేలోపే మనం వేలితో రుద్దితే ఉండలు కట్టి, గరగరలాడి ఊడిపోతుంది. మందులో లోపమేమీ లేదు.

నేను చేసేది ఇదీ. పళ్ళు తోముకుని, నోరు పుక్కిలించి, ఉమ్మేసి, అద్దం ముందు నిలబడతాను. పెదవిని కిందకి మడిచి పట్టుకుని, దూదితో పుండు చుట్టూ తడిని మెల్లగా అద్దుతాను. తుడవను, అద్దుతానంతే. ఇయర్ బడ్ కొసని నీళ్ళతో కాస్త తడిపి, దాని మీద పేస్టు కొంచెం తీసుకుంటాను. చిన్న పుండుకి చాలా కొంచెం చాలు, పెద్దదైనా అర సెంటీమీటరుకి మించి అక్కర్లేదు. పుండు మీద పెట్టి నొక్కి వదిలేస్తాను. కాసేపటికి పైన నున్నగా, జారుడుగా పల్చటి పొర కడుతుంది. నాలుకతో తడిమితే తెలుస్తుంది, కానీ తడమకూడదు! పెదవి వదిలేసి ఓ అరగంట ఏమీ తినను, తాగను.

అన్నిటికంటే ముఖ్యం రాత్రి పడుకోబోయే ముందు రాసేది. నిద్రలో మాట్లాడం, తినం, ఉమ్ము కూడా తక్కువగా ఊరుతుంది. మందు పుండు దగ్గరే ఎక్కువసేపు ఉంటుంది. మిగతా రెండుసార్లు తిన్న తర్వాత.

సందేహాలరావు
పద్ధతి బాగుంది గానీ, అసలు నోటి పుండుకి స్టెరాయిడ్ అవసరమా అండీ? మామూలు పుండు వారం పది రోజుల్లో దానంతటదే మానుతుంది. స్టెరాయిడ్ అంటే ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం, ఎముకలు గుల్లబారడం. మా బంధువుల్లో ఒకావిడ ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడి పడిన అవస్థ దగ్గరుండి చూశాను.

మందులచీటీ
ఫార్మసీలో పనిచేస్తాను. సందేహాలరావు గారి భయం నిజమైనదే, అయితే ఇక్కడ మోతాదు చూడాలి. 0.1 శాతం అంటే ఒక గ్రాము పేస్టులో మందు 1 మిల్లీగ్రాము. ఒకసారి అద్దేది గ్రాములో పదోవంతు అనుకుందాం. అందులో మందు 0.1 మిల్లీగ్రాము. మొత్తం మింగేసినా అంతే. ట్రైయామ్సినలోన్ 4 మిల్లీగ్రాములు, మాత్రల్లో వాడే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములతో సమానం. మీ బంధువు వాడినలాంటి మాత్రలు ఒక్కోటి 5, 10 మిల్లీగ్రాములుంటాయి, అవీ రోజూ. ఈ రెంటినీ ఒకే గాటన కట్టలేం.

వెన్నెల గారూ, వారం పాటు రాసి ఆపేసేదానికి మీరు దిగులు పడక్కర్లేదు.

సందేహాలరావు
లెక్క ఒప్పుకుంటాను. వారం వాడి ఆపేసేవాళ్ళ సంగతి సరే. ట్యూబు కొని పెట్టుకుని నెలల తరబడి రాసేవాళ్ళ మాటేమిటి? డాక్టరుని మళ్ళీ అడిగేవాళ్ళెంతమంది?

మందులచీటీ
అక్కడ మీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. నోటి లోపలి పొర పల్చన, మందు పీల్చుకుంటుంది. పుండ్లు ఎక్కువుండి, నెలల పాటు, రోజుకి చాలాసార్లు రాస్తే ఒంట్లోకి వెళ్ళేది లెక్కలోకి వస్తుంది. పిల్లలకి, గర్భిణులకి, షుగరున్నవాళ్ళకి డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. 7 రోజుల్లో మానే లక్షణం కనబడకపోతే ఆపి మళ్ళీ చూపించుకోమని ఈ మందుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితాన్ని ఎవరూ మడత కూడా విప్పరు, అదే నా బాధ.

బాటసారి
నా జేబులో ఈ ట్యూబు ఎప్పుడూ ఉంటుంది. పుండు పడ్డాక రాస్తే సగం లాభమే. పడబోయే చోట ముందురోజే సన్నగా చురచురలాడుతుంది కదా, ఆ చురచుర మొదలవగానే రాత్రి అద్దేస్తాను. చాలాసార్లు పుండు పెద్దదవకుండా అక్కడితో ఆగిపోతుంది. పుండు పూర్తిగా తెరుచుకున్నాక రాస్తే నొప్పి తగ్గుతుంది, మానడానికి మాత్రం దాని టైము అది తీసుకుంటుంది.

మాలతి_ఎన్
నా అనుభవమూ అదే. ఆఫ్తస్ పుండు, అంటే ఇలా వచ్చి పోయే మామూలు నోటి పుండు, మన రోగనిరోధక కణాలే ఆ చోట ఎగబడి చేసే నష్టం. స్టెరాయిడ్ వాటి దూకుడు తగ్గిస్తుంది. నష్టం జరిగిపోయాక తగ్గించడానికి మిగిలేది తక్కువ.

గాలివాన
బాటసారి అన్నా, జేబులో ఎప్పుడూ ఉంటుందంటే... నెలలో ఎన్నాళ్ళు వాడతావు?

బాటసారి
ఒకటి మానుతుంటే ఇంకోటి లేస్తుంది. పుండు లేని వారం అరుదు.

పంటిడాక్టరమ్మ
బాటసారి గారూ, మీరు పేస్టు గురించి కాదు, రక్తపరీక్ష గురించి ఆలోచించాలి. ఇలా ఆగకుండా వస్తుంటే ఐరన్ నిల్వలు చూసే ఫెరిటిన్, బి12, ఫోలేట్, రక్తకణాల లెక్క తప్పకుండా చూస్తాం. లోపం ఉంటే అది సరిచేసేదాకా పేస్టు ఎన్ని ట్యూబులు రాసినా పుండ్లు వస్తూనే ఉంటాయి. అజీర్తి, తరచూ విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే సీలియాక్, క్రోన్స్ లాంటి పేగు జబ్బుల కోసం వెతకాలి. నోటితో పాటు మర్మాంగాల దగ్గర కూడా పుండ్లు పడుతున్నా, కళ్ళు ఎర్రబడి నొప్పి పెడుతున్నా అది బెహ్‌చెట్ జబ్బు కావచ్చు, ఆలస్యం చేయకూడదు. గుండెకి వాడే నికొరాండిల్, కీళ్ళకి వాడే మెథోట్రెక్సేట్, కొన్ని నొప్పి మాత్రలు కూడా నోట్లో పుండ్లు తెస్తాయి. మీరేమైనా మందులు వాడుతున్నారా?

ఈ పేస్టు ఉన్న పుండుకే పనిచేస్తుంది. రాబోయే పుండ్లని ఆపే శక్తి దానికి లేదు. బాటసారి గారిలాంటివాళ్ళు అందుకే ఏళ్ళ తరబడి ట్యూబు వెంట తిరుగుతుంటారు.

బాటసారి
మందులేమీ లేవు డాక్టరు గారూ. పరీక్షలు ఎప్పుడూ చేయించలేదు, ఎవరూ చేయించమనలేదు కూడా. ఈ వారంలోనే చేయిస్తా.

బి12_బాబు
చేయించు తమ్ముడూ. నాకు బి12 బాగా తక్కువని తేలింది. ఇంజెక్షన్లు పడ్డాక పుండ్లు రావడం చాలా తగ్గింది. 2009లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. 1000 మైక్రోగ్రాముల బి12 మాత్ర రోజూ రాత్రి నాలుక కింద పెట్టుకున్నవాళ్ళకి ఆరు నెలలయ్యేసరికి పుండ్లు బాగా తగ్గాయి, రక్తంలో బి12 సరిపడా ఉన్నవాళ్ళకి కూడా.

పంటిడాక్టరమ్మ
నిజమే, ఆ అధ్యయనంలో ఉన్నది అరవై మంది లోపే. ఆశ కలిగించేదే అయినా ముందు పరీక్ష, తర్వాత మాత్ర. వరస అదే ఉండాలి.

అల్లరి_అమ్మ
ఈ చర్చ చూసి నా సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను. మా చిన్నదానికి జ్వరం, నోటినిండా పొక్కులు, చిగుళ్ళు ఎర్రగా వాచిపోయి ముట్టుకుంటే రక్తం. నీళ్ళు కూడా మింగడం లేదు. ఇంట్లో మా వారి పేస్టు ఉంది. ఇంటికొచ్చినవాళ్ళంతా అదే కాస్త రాయమన్నారు. నాకెందుకో ధైర్యం చాలక నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చూడగానే ఇది హెర్పిస్ వైరస్, ఆ పేస్టు దగ్గరికి కూడా రానివ్వకండి అన్నారు. వైరస్ మందు, జ్వరం మందు ఇచ్చారు, నీళ్ళు మాత్రం చెంచాతోనైనా పట్టిస్తూ ఉండమన్నారు. రెండూ నోటి పుండ్లే అయినప్పుడు ఒకదానికి మందైనది ఇంకోదానికి విషమెందుకవుతుంది?

పంటిడాక్టరమ్మ
మంచి పని చేశారమ్మా. వైరస్‌తో పోరాడాల్సింది ఆ రోగనిరోధక కణాలే. స్టెరాయిడ్ రాస్తే వాటి చేతులు కట్టేసినట్టే, వైరస్‌కి అడ్డు ఉండదు. ఫంగస్‌కీ, బాక్టీరియా చీముకీ అంతే. ఈ మూడింట్లో ఏదున్నా ఈ పేస్టు రాయకూడదు.

తేడా పట్టడానికి ఇంట్లో చూసుకోగల గుర్తులు కొన్ని చెప్తాను. ఆఫ్తస్ పుండు కదిలే మెత్తటి చోట పడుతుంది: పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక కింద, కొండనాలుక దగ్గరి మెత్తటి అంగిలి. గుండ్రంగా ఉంటుంది, మధ్యలో పసుపు కలిసిన బూడిదరంగు, చుట్టూ ఎర్రటి గీత గీసినట్టు. జ్వరం ఉండదు. ముందు నీటి పొక్కుగా రాదు, నేరుగా పుండుగానే తెరుచుకుంటుంది. హెర్పిస్ తిరగబెట్టినప్పుడు ఎముకకి అంటుకుని ఉండే గట్టి చోట, అంటే చిగుళ్ళ మీద, పళ్ళ వెనకాల గట్టి అంగిలి మీద, లేకపోతే పెదవి బయట అంచున వస్తుంది. చిన్న చిన్న నీటి పొక్కులు గుత్తిగా లేచి, చితికి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. మీ పాపకి వచ్చినట్టు మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం నోరంతా వచ్చేస్తుంది, జ్వరం కూడా ఉంటుంది.

చిక్కేమిటంటే ఆఫ్తస్‌లోనే ఒక రకం ఉంది. 1 నుంచి 3 మిల్లీమీటర్ల పుండ్లు పదుల సంఖ్యలో ఒకేసారి లేస్తాయి, చూడ్డానికి హెర్పిస్‌లాగే ఉంటాయి, వైరస్ మాత్రం ఉండదు. అందుకే గుంపుగా వచ్చినప్పుడు మీరే తేల్చుకోవద్దు.

వెన్నెల77
నావి పెదవి లోపల, నాలుక కింద, గుండ్రంగా, చుట్టూ ఎరుపు. మీరు చెప్పినదానితో సరిపోయింది. మాలతి అక్క చెప్పినట్టు రాత్రి ఇయర్ బడ్‌తో అద్దాను. పెదవి దగ్గరిది పొద్దున దాకా పట్టుకునే ఉంది! నాలుక కిందది మాత్రం నిలవడం లేదు, అక్కడ ఎప్పుడూ తడే.

మాలతి_ఎన్
నాలుక కింద కష్టమేనమ్మా, ఉమ్ము ఊరేదే అక్కడ. మడిచిన గుడ్డముక్క ఒకటి నాలుక కింద కాసేపు పెట్టి తీసి, వెంటనే అద్ది, నాలుకని పైకి ఎత్తిపట్టి కొంచెంసేపు ఉండు.

పంటిడాక్టరమ్మ
అందనిచోట, లేదా చాలాచోట్ల ఉన్నప్పుడు పేస్టు కంటే పుక్కిలించే స్టెరాయిడ్ నయం. నీళ్ళలో కరిగే బెటామెథాసోన్ 0.5 మిల్లీగ్రాముల మాత్రని కాసిని నీళ్ళలో కలిపి కొన్ని నిమిషాలు నోట్లో తిప్పి ఉమ్మేయమంటాం. మింగకూడదు. అది మీ డాక్టరు రాయాల్సిందే, సొంతంగా వద్దు.

కొత్తమెంబరు_9
చర్మానికి రాసే బెటామెథాసోన్ క్రీము ఇంట్లో ఉంది. మందు అదే కదా, నోట్లో రాయొచ్చా?

గాలివాన
వద్దు.

మందులచీటీ
గాలివాన గారు మళ్ళీ ఒక్క ముక్కలో తేల్చేశారు :) కారణం నేను చెప్తాను. చర్మం క్రీము తడి నోట్లో పట్టుకోదు, క్షణాల్లో కొట్టుకుపోతుంది, పోయిందని మళ్ళీ మళ్ళీ రాస్తారు. అందులో కలిపే పదార్థాలు మింగడానికి ఉద్దేశించినవి కావు. చాలా క్రీముల్లో స్టెరాయిడ్‌తో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కూడా కలిపి ఉంటాయి, అవి మీ పుండుకి అక్కర్లేదు.

శారదక్క
నా డాక్టరు నాకు చర్మం మందే నోట్లోకి ఇచ్చారు మరి! క్లోబెటాసాల్ 0.05 శాతం ఆయింట్‌మెంటు.

పంటిడాక్టరమ్మ
శారదక్కా, మీకున్నది లైకెన్ ప్లానసా?

శారదక్క
అవును డాక్టరు గారూ. బుగ్గల లోపల తెల్లటి వలలాంటి గీతలు, మధ్యలో ఎర్రగా రేగి మంట. నాకు ఏళ్ళ నుంచీ ఉంది, ఇంకా ఉంటుందన్నారు. ట్రైయామ్సినలోన్ పేస్టుతో మొదలుపెట్టి, చాలక దీనికి మార్చారు. ఎప్పుడు రేగితే అప్పుడు వాడి, తగ్గాక ఆపేయమన్నారు. ప్రతి ఆరు నెలలకీ నోరు చూపించుకుంటాను, ఆ చూపించుకోవడం మానొద్దని గట్టిగా చెప్పారు.

పంటిడాక్టరమ్మ
సరైన దారిలో ఉన్నారు. లైకెన్ ప్లానస్ ఉన్నచోట చాలా కొద్దిమందిలో కేన్సరుగా మారే అవకాశం ఉంది, చూస్తూ ఉండాలి. కొత్తమెంబరు గారూ, నోటి జబ్బుల నిపుణులు అంత బలమైన మందు ఇచ్చేటప్పుడు రోగం ఏమిటో తేల్చుకుని, నోటిని మళ్ళీ మళ్ళీ చూస్తూ ఇస్తారు. అలమరాలో దొరికిన ట్యూబు తీసి రాసుకోవడం అలాంటిది కాదు.

ఊరికేచదివేవాడు
మా నాన్నగారికి ఉబ్బసం, పీల్చే స్టెరాయిడ్ వాడతారు, కట్టుడు పళ్ళు కూడా. పళ్ళసెట్టు ఒరిసి పుండు పడితే ఈ పేస్టే రాసుకుంటూ వచ్చారు. ఇప్పుడు అంగిలంతా ఎర్రబడింది, బుగ్గల్లో తెల్లటి పాచి, గుడ్డతో తుడిస్తే ఊడి వస్తోంది. మంటంటున్నారు. ఇంకా రాయమనాలా?

పంటిడాక్టరమ్మ
ఆపేయమనండి, ఈరోజే. తుడిస్తే ఊడే తెల్ల పాచి కాండిడా ఫంగస్. పేస్టూ, పీల్చే మందూ, రాత్రంతా పళ్ళసెట్టు పెట్టుకోవడం, మూడూ దానికి పోషణే. ఫంగస్ మందు కావాలి, డాక్టరుకి చూపించండి. పీల్చే మందు మాత్రం సొంతంగా ఆపనివ్వొద్దు. అది పీల్చిన ప్రతిసారీ నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయాలి. రాత్రి సెట్టు తీసేసి పడుకోవాలి. ఒరిసేచోట సెట్టుని అరగదీయించాలి, ఒరిపిడి ఉన్నంతకాలం ఏ పేస్టూ ఆ పుండుని మాన్పదు.

ఊరికేచదివేవాడు
చాలా ధన్యవాదాలు. రేపే తీసుకెళ్తాను.

నిప్పుకణిక
అందరూ చెప్తున్నదాంట్లో ఒకటి మిగిలిపోయింది, నేను చెప్పి తీరాలి. మా పెదనాన్నకి నాలుక పక్క అంచున పుండు. విరిగిన పన్ను గీసుకుంటోందని ఆయనే అనుకుని, ఎవరో చెప్పిన ఈ పేస్టు రాసుకుంటూ నెలలు గడిపారు. రాసినప్పుడల్లా కాస్త మెరుగ్గా ఉందనేవారు. పెద్ద నొప్పి కూడా లేదు. తీరా చూపిస్తే కేన్సరు. ముక్క తీసి పరీక్షించిన డాక్టరు వేలితో ఆ అంచుని నొక్కి చూపించారు, పుండు చుట్టూ గట్టిగా ఉంది. మాకెవరికీ అలా తడిమి చూడాలనే తట్టలేదు. నొప్పి లేదు కాబట్టి పర్లేదనుకునేవాళ్ళు ఇంకా ఎంతమందో.

పంటిడాక్టరమ్మ
ఇది రాసినందుకు కృతజ్ఞతలు. మూడు వారాలు దాటినా మానని పుండు, ఒకటే ఉన్నా, నొప్పి లేకపోయినా, తప్పకుండా చూపించాలి. పొగాకు ఏ రూపంలో వాడేవాళ్ళయినా, మద్యం అలవాటున్నా మరీనూ. అంచు గట్టిపడటం, లేచి ఉండటం, తేలిగ్గా రక్తం రావడం, మెడలో గడ్డ తగలడం, ఇవి కనిపిస్తే మూడు వారాలు కూడా ఆగొద్దు. స్టెరాయిడ్ రాస్తే చుట్టూ ఉన్న వాపు తగ్గి పుండు మెరుగైనట్టు కనబడుతుంది. ఆ మెరుగుదలే మనిషిని ఇంట్లో కూర్చోబెడుతుంది.

మామూలు ఆఫ్తస్‌లో కూడా 10 మిల్లీమీటర్లు మించిన పెద్ద రకం వారాలూ నెలలూ ఉండి మచ్చ పెట్టి మానుతుంది. అదైనా ఇంకోటైనా తేల్చాల్సింది చూసినవాళ్ళే.

సందేహాలరావు
నేను భయపడినది ఇదే. పేస్టు కంటే, పేస్టు ఇచ్చే ధీమా.

కొత్తమెంబరు_9
అర్థమైంది. క్రీము తీసి లోపల పెట్టేశాను. నా పుండుకి పన్ను గీసుకోవడమే కారణమనుకుంటున్నా, పంటి డాక్టరు దగ్గరికే వెళ్తున్నా.

బాటసారి
నురగ వచ్చే టూత్‌పేస్టులో సోడియం లారిల్ సల్ఫేట్ వల్ల కూడా పుండ్లు వస్తాయంటారు. అది లేనిది వాడితే లాభం ఉంటుందా?

మాలతి_ఎన్
నాకు లాభించింది. మార్చాక పుండ్లు తక్కువ.

గాలివాన
నాకేమీ తేడా లేదు.

పంటిడాక్టరమ్మ
మీ ఇద్దరిలాగే అధ్యయనాలూ అటూ ఇటూ ఉన్నాయి. మార్చి చూడటంలో నష్టం లేదు. ఒకటి గుర్తుంచుకోండి: క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడుతుంటే పళ్ళు తోమాక అరగంట ఆగి పుక్కిలించాలి, ఆ నురగ పదార్థం దాన్ని పనిచేయనివ్వదు. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకి మరకలు పడతాయి. పేస్టు అద్దేది ఈ పుక్కిలింతలన్నీ అయ్యాకే.

అల్లరి_అమ్మ
మా వారికి నోరు పూసినప్పుడు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో! ఆయన పేస్టు రాసుకున్న అరగంట మాట్లాడరు కూడా :) పాప ఇప్పుడు బాగుంది, చిగుళ్ళ వాపు తీసింది. ఇంకో సందేహం: మొద్దుబార్చే జెల్ కూడా ఇంట్లో ఉంది, పిల్లలకి వాడొచ్చా?

మందులచీటీ
చూసి వాడాలి. బెంజోకైన్ ఉన్నదైతే రెండేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది, రక్తం ఆక్సిజన్ మోయలేని పరిస్థితి రావచ్చు. కోలిన్ సాలిసిలేట్ ఉన్న జెల్ 16 ఏళ్ళలోపు వాళ్ళకి వద్దని బ్రిటన్‌లో 2009లోనే చెప్పారు. ట్యూబు మీద పేరు చదివి, పిల్లల డాక్టరుని అడిగాకే.

పెద్దవాళ్ళు జెల్, పేస్టు రెండూ వాడుతుంటే తినే ముందు జెల్, తిన్న తర్వాత పేస్టు. రెండూ ఒకదాని మీద ఒకటి రాస్తే పేస్టు పట్టుకోదు.

తీగలపళ్ళు
పళ్ళకి తీగలు వేయించుకున్నాను, బ్రాకెట్ గుచ్చుకుని బుగ్గలో పుండు. దీనికీ ఇదే పేస్టా?

పంటిడాక్టరమ్మ
ముందు ఆ బ్రాకెట్ మీద మైనం పెట్టండి, మీ డాక్టరు ఇస్తారు. బ్రాకెట్‌ని తుడిచి, ఆరబెట్టి, చిన్న ఉండ చేసి నొక్కాలి. తీగ కొస పొడుచుకొస్తుంటే కత్తిరించుకోవాలి, అది వాళ్ళే చేస్తారు. గుచ్చుకోవడం ఆగితే ఆ పుండు చాలామందికి వారంలోపే మానిపోతుంది, పేస్టు అక్కర్లేకుండానే.

తీగలపళ్ళు
మైనం డబ్బా ఇచ్చారు, తెరవలేదు. ఇప్పుడే పెడతాను.